కర్క్ కెర్కోరియన్: పోయిన చోటే వెతుక్కున్న మనిషి

1. గాలివాటం

మొన్న ఆఫీసు పని మీద లాస్ వేగాస్ వెళ్ళి నాలుగు రోజులున్నాను. ఆడింది లేదు, పోగొట్టుకున్నది లేదు. కాళ్ళు నొప్పి పుట్టేదాకా నడిచానంతే. నడుస్తూ గోడల మీద పేర్లు చదవడం నాకో సరదా. విన్ హోటల్ నెత్తిన స్టీవ్ విన్ సంతకమే ఉంటుంది. కాస్త పక్కకి చూస్తే బంగారు రంగు టవర్ మీద ట్రంప్ పేరు. కానీ ఆ ఊళ్ళో మూడుసార్లు ప్రపంచంలోకెల్లా పెద్ద హోటల్ కట్టించినవాడి పేరు మాత్రం ఏ గోడ మీదా కనపడలేదు.

ఆయన కర్క్ కెర్కోరియన్. 1917లో కాలిఫోర్నియాలోని ఫ్రెస్నోలో పుట్టాడు. తల్లిదండ్రులు వలస వచ్చిన ఆర్మేనియన్లు. 1921 మాంద్యంలో తండ్రి భూములు పోయాయి, కుటుంబం లాస్ ఏంజెలెస్ చేరింది. ఇంట్లో ఆర్మేనియన్ భాషే, ఇంగ్లీషు వీధిలో నేర్చుకున్నాడు. ఎనిమిదో తరగతితో చదువు ఆగిపోయింది. ఆ తర్వాత బాక్సింగ్, విమానాలు, క్యాసినోలు, సినిమా స్టూడియో, కార్ల కంపెనీల షేర్లు. 2008లో ఫోర్బ్స్ పత్రిక ఆయన ఆస్తిని 1,600 కోట్ల డాలర్లుగా లెక్కకట్టింది.

ఈ మనిషి గురించి తెలిసినవాళ్ళు రాయండి. స్వయంకృషితో పైకొచ్చాడు అనాలా, కాలం కలిసొచ్చింది అనాలా?

2. ఎర్రబస్సు

క్యాసినో పెట్టినవాడు కోటీశ్వరుడయ్యాడంటే అందులో వింతేముంది? టేబుల్ ఆయనది, లెక్క ఆయనది. వచ్చినవాళ్ళు ఓడిపోవడానికే వస్తారు. దీనికి స్వయంకృషి అని పేరెందుకు?

3. లెక్కలమాస్టారు

ఎర్రబస్సు గారూ, మీరు చివరి సీనునుంచి కథ మొదలుపెట్టారు. ఆయన మొదట టేబుల్‌కి అవతలి పక్క కూర్చున్నవాడే. 1940లలో వేగాస్‌లో పాచికల ఆట, అంటే క్రాప్స్, ఒక రాత్రికి వేల డాలర్లు పెట్టి ఆడేవాడు. పోగొట్టుకునేవాడు కూడా. పోయిన చోటే వెతుక్కోమని పెద్దలన్నారు కదా, ఆయన అదే చేశాడు. కాకపోతే టేబుల్ మీద వెతకలేదు, టేబుల్ కింద నేలలో వెతికాడు.

నాకు చాలా ఇష్టమైన లావాదేవీ ఒకటి చెబుతాను. 1962లో స్ట్రిప్ మీద, అంటే వేగాస్‌లో క్యాసినోలు వరసగా ఉండే పెద్ద రోడ్డు మీద, ఫ్లమింగో హోటల్‌కి ఎదురుగా 80 ఎకరాలు 9 లక్షల 60 వేల డాలర్లకు కొన్నాడు. అప్పటికది ఎడారి. పైగా ఆ స్థలానికీ రోడ్డుకీ మధ్య వేరేవాళ్ళ సన్నటి పట్టీ ఒకటి అడ్డం ఉండేది. దారి లేని పొలం ఎవరు కొంటారు? ఈయన కొన్నాడు. ఆ పట్టీ వాళ్ళకి తన స్థలంలో కొంత ముక్క ఇచ్చి, పట్టీ తను తీసుకున్నాడు. అంతే, వెనకపడ్డ భూమి రోడ్డు ముఖం భూమి అయిపోయింది. జే సార్నో అనే ఆయన వచ్చి అందులో సీజర్స్ ప్యాలెస్ కట్టుకుంటానంటే అద్దెకిచ్చాడు. 1966లో హోటల్ తెరిచారు. 1968లో భూమి కూడా వాళ్ళకే అమ్మేశాడు. అద్దె, అమ్మకం కలిపి 90 లక్షల డాలర్లు.

ఇందులో ఆయన ఒక్క ఇటుక పేర్చలేదు. ఒక్క పాచిక వెయ్యలేదు.

4. శ్రీవల్లి

మాస్టారూ, భూమి దాకా వెళ్ళిపోయారు కానీ ఆ భూమి కొనే డబ్బు ఎక్కడిది? అసలు కథ అక్కడే ఉంది. నాకు విమానాల పిచ్చి కాబట్టి ఈ భాగం నేను రాస్తాను.

కుర్రాడిగా ఉన్నప్పుడు అన్న దగ్గర బాక్సింగ్ నేర్చుకుని ‘రైఫిల్ రైట్ కెర్కోరియన్’ అన్న పేరుతో అమెచ్యూర్ పోటీల్లో దిగాడు. కుడిచేతి దెబ్బ అంత గట్టిదన్నమాట. ఆ తర్వాత పిచ్చి విమానాల మీదకి మళ్ళింది. నేర్చుకోవడానికి డబ్బుల్లేవు. మొహావీ ఎడారిలో పాంచో బార్న్స్ అనే మహిళా పైలట్ ఒక పశువుల కొట్టం, ఫ్లయింగ్ స్కూలు కలిపి నడిపేది. ‘నీ ఆవుల పాలు పితుకుతాను, పేడ ఎత్తుతాను, నాకు విమానం నేర్పు’ అని ఒప్పందం. ఆరు నెలల్లో కమర్షియల్ లైసెన్సు చేతికొచ్చింది.

అప్పుడే రెండో ప్రపంచయుద్ధం. కెనడాలో తయారైన మస్కిటో బాంబర్లను అట్లాంటిక్ దాటించి స్కాట్లాండ్‌లో బ్రిటిష్ వాయుసేనకి అప్పగించాలి. ఆ విమానంలో పట్టే ఇంధనం 1,400 మైళ్ళకి. సూటిగా వెళ్తే దూరం 2,200 మైళ్ళు! ఆగుతూ ఆగుతూ గ్రీన్‌లాండ్, ఐస్‌లాండ్ మీదుగా వెళ్తే రెక్కలకి మంచు పట్టి కూలే ప్రమాదం. సూటి దారిలో అయితే వెనకనుంచి తోసే గాలి మీద ఆధారపడాలి. ఆ గాలి మధ్యలో ఆగిపోతే కింద సముద్రమే. కెర్కోరియన్‌కి ఇష్టమైంది సూటి దారి. 1944 మేలో 7 గంటల 9 నిమిషాల్లో దాటి పాత రికార్డు బద్దలుకొట్టాడు. అదే రోజు ఆయన పై అధికారి, వింగ్ కమాండర్, ఇంకా 23 నిమిషాల ముందే దిగిపోయాడు, అది వేరే సంగతి. రెండున్నరేళ్ళలో 33 విమానాలు అప్పగించాడు.

తమాషా ఏంటంటే, ఈ చర్చ మొదలుపెట్టినవారి పేరు గాలివాటం!

5. గాలివాటం

హహ, వల్లి గారూ, గాలిని నమ్ముకుంటే ఒక్కోసారి నేనూ ఏదో ఒక ఒడ్డుకి చేరతాను.

6. ఎర్రబస్సు

ధైర్యం ఉందని ఒప్పుకుంటున్నాను. కానీ ధైర్యం ఉన్న పైలట్లు ఆ యుద్ధంలో వేలమంది. వాళ్ళంతా కోటీశ్వరులు అయ్యారా? చాలామంది సముద్రంలో పోయారు. బతికి బట్టకట్టినవాడి కథ చదివి ‘చూశారా, తెగిస్తే గెలుస్తారు’ అనడం నాకు నచ్చదు.

7. లెక్కలమాస్టారు

ఈ ఒక్క పాయింటులో నేను మీతోనే. అందుకే ధైర్యం సంగతి పక్కనపెట్టి, యుద్ధం తర్వాత చేసినవి చూడండి. అక్కడ కనపడేది ధైర్యం కాదు, బేరం.

జీతం దాచుకుని 5,000 డాలర్లతో ఒక సెస్నా కొన్నాడు. 1947లో 60,000 డాలర్లకు చార్టర్ విమానాలు, అంటే మొత్తం విమానాన్ని అద్దెకి తిప్పే చిన్న సంస్థ కొన్నాడు. ట్రాన్స్ ఇంటర్నేషనల్ ఎయిర్‌లైన్స్ అని తర్వాత పేరుపడింది. లాస్ ఏంజెలెస్ నుంచి జూదగాళ్ళని వేగాస్ చేర్చడం దాని పని. అంటే క్యాసినోకి ఎవరు వస్తారో, ఎంత తెస్తారో, ఏ మొహంతో తిరిగి వెళ్తారో పైలట్ సీట్లోంచి చూసినవాడు. సర్వే చేయించాల్సిన పని లేదు.

యుద్ధం అయ్యాక సైన్యం వదిలించుకుంటున్న బాంబర్లని అప్పుచేసి వేలంలో కొన్నాడు. విమాన ఇంధనానికి కటకటగా ఉన్న రోజులు. ట్యాంకుల్లో మిగిలిన ఇంధనం తీసి అమ్మితే అప్పు తీరిపోయింది, విమానాలు ఉచితంగా మిగిలాయి. 1962లో ఒక జెట్ విమానం కొన్నాడు, సైన్యం చార్టర్లు పట్టాడు. అదే ఏడాది కంపెనీని స్టూడ్‌బేకర్ కార్ల సంస్థకి అమ్మాడు, 1964లో వెనక్కి కొన్నాడు, 1968లో ట్రాన్స్‌అమెరికాకి 10.4 కోట్ల డాలర్లకు మళ్ళీ అమ్మాడు.

అమ్మడం, వెనక్కి కొనడం, మళ్ళీ అమ్మడం. టేబుల్ దగ్గర్నుంచి ఎప్పుడు లేవాలో తెలిసినవాడు. ఈ వరస గుర్తుపెట్టుకోండి, ముందు ముందు మళ్ళీ వస్తుంది.

8. పక్కింటబ్బాయి

సార్, నేను కొత్త. ఒక డౌటు. వేగాస్ అంటే మాఫియా కదా, ఈయన మామూలు మనిషి లోపలికి ఎలా దూరాడు?

9. లెక్కలమాస్టారు

మంచి ప్రశ్న అబ్బాయ్. 1960ల చివరిదాకా నెవాడాలో క్యాసినో కంపెనీలో వాటా ఉన్న ప్రతి మనిషికీ లైసెన్సు ఉండాలి. వేలమంది వాటాదారులుండే పెద్ద కంపెనీలకి ఇది కుదిరే పని కాదు. బ్యాంకులు కూడా దూరంగా ఉండేవి. కాబట్టి డబ్బు పెట్టేవాళ్ళు మాఫియా వాళ్ళే. 1967లో, 1969లో చట్టం మార్చి ముఖ్యమైన వాటాదారులకి లైసెన్సుంటే చాలన్నారు. ఆ తలుపు తెరుచుకున్నాక మొదట లోపలికి వచ్చినవాళ్ళలో కెర్కోరియన్ ఒకడు. ఎర్రబస్సు గారు ‘కాలం కలిసొచ్చింది’ అంటే దీన్ని చూపించవచ్చు, నేనే అందిస్తున్నాను.

1967లో ప్యారడైజ్ రోడ్డులో 82 ఎకరాలు 50 లక్షల డాలర్లకు కొని ఇంటర్నేషనల్ హోటల్ మొదలుపెట్టాడు. హోటల్ నడపడం తనకి రాదు. అందుకని ఫ్లమింగో హోటల్ కొన్నాడు. కొత్త హోటల్ సిబ్బందికి పాత హోటల్లో శిక్షణ! నడిపే బాధ్యత సహారా హోటల్లో పేరు తెచ్చుకున్న అలెక్స్ షూఫీకి అప్పగించాడు. అప్పటికి వేగాస్‌లో హోటళ్ళ మీద హోటళ్ళు కొంటున్న హోవార్డ్ హ్యూస్‌కి ఇది కంటగింపైంది. తన సాండ్స్ హోటల్‌కి 4,000 గదులు కలుపుతానని ప్రకటించి భయపెట్టబోయాడు. ఈయన భయపడలేదు. హ్యూస్ చివరికి ల్యాండ్‌మార్క్ టవర్ కొని 1969 జూలై 1న తెరిచాడు. ఇంటర్నేషనల్ తెరిచింది జూలై 2న. ఒక్క రోజు ముందు తెరిచి ఏం సాధించాడో నాకైతే అర్థం కాదు. ఇంటర్నేషనల్లో మొదట బార్బ్రా స్ట్రైసాండ్ పాడింది, నెలాఖరులో ఎల్విస్ ప్రెస్లీ వచ్చాడు. 1976 దాకా ఎల్విస్ అక్కడే 600కు పైగా కచేరీలు చేశాడు.

ఇంకో సవరణ. గాలివాటం గారు ‘మూడుసార్లు ప్రపంచంలోకెల్లా పెద్ద హోటల్’ అన్నారు. ఇంటర్నేషనల్లో గదులు 1,512, ఆ తర్వాత ఆయనే కట్టించిన మొదటి ఎమ్‌జీఎమ్ గ్రాండ్ హోటల్లో 2,084. అదే కాలంలో మాస్కోలోని రొస్సియా హోటల్లో 3,200 గదులున్నాయి. కాబట్టి మొదటి రెండుసార్లు ఆ మాట ప్రకటనల్లోది. 1993 నాటి 5,005 గదుల కొత్త ఎమ్‌జీఎమ్ గ్రాండ్‌కి మాత్రం నిజంగా చెల్లుతుంది.

10. గాలివాటం

మాస్టారూ, తప్పు ఒప్పుకుంటున్నాను. మీ ముందు అంకెలు రాయాలంటే టెన్షన్.

11. ఎర్రబస్సు

మాస్టారు తలుపు చూపించారు కాబట్టి ఇంకో గదిలోకి కూడా తీసుకెళ్తాను. ఇంటర్నేషనల్ అంత బాగా నడిస్తే ఏడాదిన్నర తిరక్కుండా హిల్టన్‌కి ఎందుకు అమ్ముకోవాల్సి వచ్చింది? నేను చదివినంతలో అది ఇష్టపడి అమ్మింది కాదు. పీకల దాకా అప్పుంది. 5 డాలర్లకు జనానికి అమ్మిన షేరు పదింతలకు పైగా ఎగబాకింది. ఇంకో విడత షేర్లు అమ్మి అప్పు తీర్చేద్దామనుకున్నాడు. అమెరికా స్టాక్ మార్కెట్ నియంత్రణ సంస్థ ఒప్పుకోలేదు. ఫ్లమింగో పాత యజమానుల నాటి లెక్కలు తెమ్మంది. ఆ లెక్కలు ఎక్కడుంటాయి? అక్కడ రాత్రికి రాత్రి కౌంటింగ్ గదిలోంచి నోట్ల కట్టలు మాయమయ్యేవి. తర్వాత మెయర్ లాన్స్కీ అనే మాఫియా పెద్ద మీదా, పాత యజమానుల మీదా కేసులు కూడా నడిచాయి. ఆ పాత పాపం ఈయన మెడకి చుట్టుకుని, షేరు పడిపోయి, రెండు హోటళ్ళూ 1970, 71లలో హిల్టన్ చేతికి వెళ్ళాయి.

అదే సమయంలో పాత ఫోన్ ట్యాప్ ఒకటి కూడా బయటికొచ్చింది. 1961లో న్యూయార్క్ మాఫియా మనిషితో జూదం బాకీ చెక్కు గురించి మాట్లాడిన సంభాషణ. నేరం రుజువు కాలేదు. కానీ ‘మామూలు మనిషి’ అని పక్కింటబ్బాయి అన్నాడు కాబట్టి చెబుతున్నా.

12. శ్రీవల్లి

మంచి పాయింటు. కానీ చూడండి, ఇక్కడితో చాలామంది ఇంటికి పోతారు. ఈయన హిల్టన్‌కి అమ్మిన రెండేళ్ళకే, 1973 డిసెంబరులో, ఇంకా పెద్దది తెరిచాడు. మొదటి ఎమ్‌జీఎమ్ గ్రాండ్, 10.6 కోట్ల డాలర్ల ఖర్చు. నాకు ఆయన మీద గౌరవం పుట్టేది గెలుపుల దగ్గర కాదు, ఈ మధ్యలో ఉన్న రెండేళ్ళ దగ్గర.

13. నైట్‌షిఫ్ట్

ఎమ్‌జీఎమ్ గ్రాండ్ పేరు వచ్చింది కాబట్టి ఇక ఊరుకోలేను. నేను భవనాల ఫైర్ సేఫ్టీలో పనిచేస్తాను. మా వృత్తిలో ఆ పేరు వింటే హోటల్ గుర్తురాదు, 1980 నవంబరు 21 గుర్తొస్తుంది.

పొద్దున్న ఏడు దాటింది. కింద డెలీ అనే రెస్టారెంటులో, కేకులు పెట్టే ఫ్రిజ్ పెట్టె తాలూకు వైరింగ్‌లో లోపం వల్ల గోడ లోపల నిప్పు రాజుకుంది. ఎంతసేపు లోలోపల కాలిందో ఎవరూ చూడలేదు. బయటపడ్డాక నిమిషాల్లో క్యాసినో హాలంతా చుట్టేసింది. మంటలు కింది అంతస్తులు దాటి పెద్దగా పైకి వెళ్ళలేదు. పొగ వెళ్ళింది. లిఫ్టు గుంటల్లోంచి, మెట్లదారుల్లోంచి, గాలి గొట్టాల్లోంచి 26 అంతస్తుల పైదాకా వెళ్ళింది. చనిపోయిన 85 మందిలో ఎక్కువమంది మంట మొహం కూడా చూడలేదు. పై అంతస్తుల్లో గదుల్లో, మెట్ల మీద, లిఫ్టుల్లో పొగకి పోయారు. తర్వాత గాయాలతో పోయినవాళ్ళని కలిపి 87 అని కూడా రాస్తారు. నెల్లిస్ వాయుసేన స్థావరం నుంచి వచ్చిన హెలికాప్టర్లు కప్పు మీదనుంచి వందలమందిని దించాయి.

క్యాసినో హాల్లో, డెలీలో స్ప్రింక్లర్లు, అంటే మంట వేడికి వాటంతటవే నీళ్ళు చిమ్మే గొట్టాలు, లేవు. ఎందుకు లేవంటే, 24 గంటలూ మనుషులుండే చోట నిప్పు పుడితే ఎవరో ఒకరు చూస్తారు కదా అని అధికారులు మినహాయింపు ఇచ్చారు. ఆ తర్వాత డెలీ 24 గంటలు తెరవడం మానేసింది. మినహాయింపు మాత్రం అలాగే ఉండిపోయింది. ఆ పొద్దున డెలీ మూసి ఉంది.

నేను కొత్తవాళ్ళకి పాఠం చెప్పేటప్పుడు ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగుతాను. గది వాడకం మారింది, కాగితం మారలేదు.

14. గాలివాటం

నైట్‌షిఫ్ట్ గారూ, ఇది చదివి కాసేపు ఏం రాయాలో తోచలేదు. దీనికి కెర్కోరియన్‌ని ఎంతవరకు బాధ్యుణ్ణి చెయ్యాలంటారు?

15. నైట్‌షిఫ్ట్

వైరింగ్ ఆయన చెయ్యలేదు, మినహాయింపు ఆయన రాయలేదు. కానీ కంపెనీలో అధిక వాటా ఆయనది, త్వరగా కట్టాలన్న తొందర కూడా ఆయనదే. తర్వాత కంపెనీ చేసిన పని ఒకటి ఇన్సూరెన్స్ వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. ప్రమాదం జరిగేనాటికి బీమా 3 కోట్ల డాలర్లకు ఉంది. జరిగిపోయాక, పాత తేదీ వర్తించేలా ఇంకో 17 కోట్లకు బీమా కొన్నారు. కాలిన ఇంటికి కాలాక బీమా! ఇచ్చేవాళ్ళెందుకు ఇచ్చారంటే, కేసులు తేలడానికి ఏళ్ళు పడుతుంది, ఈలోగా ప్రీమియం మీద వడ్డీ తినొచ్చని. అప్పట్లో వడ్డీ రేట్లు ఆకాశంలో ఉన్నాయి. ఎమ్‌జీఎమ్ బాధితులతో త్వరగా సెటిల్ చేసుకుంది. అన్నీ కలిపి దాదాపు 22.3 కోట్ల డాలర్లు. దాంతో బీమా కంపెనీలు అడ్డం తిరిగి కోర్టుకెక్కాయి. బాధితులకి డబ్బు త్వరగా అందడం మంచిదే. అది దయా, లెక్కా అంటే నేను చెప్పలేను.

హోటల్ ఎనిమిది నెలల్లో మళ్ళీ తెరిచారు, ఈసారి స్ప్రింక్లర్లతో. అది తెరవకముందే, 1981 ఫిబ్రవరిలో, ఆయన కట్టించిన పాత ఇంటర్నేషనల్లో, అప్పటికి లాస్ వేగాస్ హిల్టన్‌లో, ఎవరో నిప్పు పెడితే ఎనిమిదిమంది పోయారు. పాత ఎత్తైన భవనాలకి కూడా స్ప్రింక్లర్లు పెట్టాలని నెవాడా అదే ఏడాది చట్టం చేసింది. ఇవాళ మీరు వేగాస్ హోటల్ గదిలో పడుకుని కప్పు వైపు చూస్తే కనిపించే ఆ చిన్న ఇత్తడి ముక్క వెనక ఆ మనుషులున్నారు.

16. రీలుడబ్బా

నేను సినిమావాణ్ణి, నా ఏడుపు నాది. 1969లో హాలీవుడ్‌లో ఎమ్‌జీఎమ్ సినిమా స్టూడియో కొన్నాడు కదా, హోటల్‌కి ఆ పేరు అక్కణ్ణుంచి వచ్చిందే. సినిమా మీద ప్రేమతో కొన్నాడని ఎవరైనా అనుకుంటే పొరపాటు. ఆయనకి కావాల్సింది పేరు, సింహం బొమ్మ, భూమి. జేమ్స్ ఆబ్రీని స్టూడియో అధిపతిగా పెట్టాడు. ఆయన వచ్చీరాగానే తయారీ కోసేశాడు, వందలమందిని ఇంటికి పంపాడు. 1970లో స్టూడియోలోని దుస్తులు, సామాను వేలం. ‘విజార్డ్ ఆఫ్ ఓజ్’ సినిమాలో జూడీ గార్లాండ్ తొడుక్కున్న ఎర్ర చెప్పుల జత 15,000 డాలర్లకు పోయింది. సెట్లుండే స్థలాలు ఇళ్ళ ప్లాట్లయ్యాయి. సింహం మాత్రం వేగాస్ వెళ్ళి హోటల్ బోర్డు మీద కూర్చుంది.

మాస్టారు చెప్పిన ‘అమ్మడం, వెనక్కి కొనడం’ ఇక్కడ చూడండి. 1986లో టీవీ చానళ్ళ యజమాని టెడ్ టర్నర్‌కి అమ్మాడు. టర్నర్ అప్పులో మునిగి రెండు నెలలు దాటీ దాటకముందే పాత సినిమాల లైబ్రరీ ఉంచుకుని మిగతాది చాలావరకు ఈయనకే వెనక్కి ఇచ్చాడు. 1990లో జియాన్‌కార్లో పారెట్టి అనే ఇటలీవాడికి దాదాపు 130 కోట్ల డాలర్లకు అమ్మాడు. పారెట్టి బోర్లాపడ్డాడు, స్టూడియో ఫ్రెంచి బ్యాంకు చేతిలో పడింది. 1996లో మళ్ళీ 130 కోట్లకే కొన్నాడు. 2005లో సోనీ బృందానికి అప్పుతో కలిపి దాదాపు 500 కోట్లకు అమ్మాడు. ఒకే వస్తువుని మూడుసార్లు అమ్మడం ఎలాగో నేర్చుకోవాలంటే ఈయన దగ్గరే.

17. పక్కింటబ్బాయి

అన్నా, నవ్వాలో ఏడవాలో తెలియట్లేదు 😀 మరి వేగాస్‌లో విన్‌ని ఎలా కొట్టాడు?

18. శ్రీవల్లి

కొట్టలేదు తమ్ముడూ, కొన్నాడు. స్టీవ్ విన్ కల కనేవాడు. మిరాజ్, బెల్లాజియో అద్భుతంగా కట్టాడు కానీ ఖర్చు కూడా అద్భుతమే, షేరు ధర నీరసించింది. కెర్కోరియన్ 1993లో కొత్త ఎమ్‌జీఎమ్ గ్రాండ్ 100 కోట్ల డాలర్లతో కట్టి కూర్చున్నాడు. (ముందు దాని గుమ్మం సింహం నోరులా ఉండేది. సింహం నోట్లోకి నడిచి వెళ్ళి జూదమాడటం చైనా అతిథులకి అపశకునంగా అనిపించి, కొన్నేళ్ళకి ఆ గుమ్మం తీసేసి కంచు సింహాన్ని పెట్టారు.) 2000 ఫిబ్రవరిలో విన్ కంపెనీ మిరాజ్ షేరుకి 17 డాలర్లు ఇస్తానని ఉత్తరం పంపాడు. విన్ కాదన్నాడు. 21 అన్నాడు. విన్ సరేనన్నాడు. 440 కోట్ల డాలర్లు, అప్పు వేరే. 2005లో మాండలే అనే హోటళ్ళ గ్రూపుని కూడా అప్పుతో సహా 790 కోట్లకు కొనేశాక స్ట్రిప్ మీద హోటళ్ళలో పెద్ద వాటా ఆయన కంపెనీదే.

వేగాస్‌లోనే ఇంకో క్యాసినో యజమాని షెల్డన్ అడెల్సన్‌తో పోల్చి చూస్తే తేడా బాగా తెలుస్తుంది. టాక్సీ డ్రైవర్ కొడుకు, ఆయనా కింది నుంచే వచ్చాడు. కామ్‌డెక్స్ కంప్యూటర్ ప్రదర్శనలు నడిపి, ఆ అనుభవంతో ‘వారం మధ్యలో ఖాళీగా ఉండే గదుల్ని సమావేశాలకొచ్చేవాళ్ళతో నింపుదాం’ అన్న ఒకే ఆలోచన మీద వెనీషియన్ కట్టాడు, మకావు వెళ్ళాడు. 2008 సంక్షోభంలో సొంత డబ్బు 100 కోట్లు కంపెనీలో పోశాడు. అడెల్సన్ పట్టుకుంటే వదలడు. కెర్కోరియన్‌కి అసలు దేనిమీదా మమకారం ఉన్నట్టు కనపడదు.

19. లెక్కలమాస్టారు

వల్లి గారూ, మమకారం లేదంటే కార్ల సంగతేమిటి? అక్కడ చెయ్యి కాల్చుకున్నాడు. 1995లో క్రైస్లర్ మాజీ అధిపతి లీ అయకోకాతో కలిసి క్రైస్లర్‌ని 2,280 కోట్లకు కొంటానన్నాడు, డబ్బు చూపించలేక వదిలేశాడు. చేతిలో ఉన్న షేర్ల మీద లాభం వచ్చిందనుకోండి. జనరల్ మోటార్స్‌లో దాదాపు పదో వంతు కొని, నిస్సాన్-రెనోతో కలపమని పోరాడి, కుదరక బయటికొచ్చాడు. 2008లో ఫోర్డ్ షేర్లలో దాదాపు 100 కోట్లు పెట్టి, ఏడాది తిరక్కుండా చాలాభాగం పోగొట్టుకుని అమ్మేశాడు. 90 దాటిన వయసులో!

వేగాస్‌లో ఎమ్‌జీఎమ్ కంపెనీ కట్టిన సిటీసెంటర్ కూడా అప్పుడే. 67 ఎకరాల్లో ఒక ఊరే కట్టబోయారు. దుబాయ్ ప్రభుత్వ సంస్థ దుబాయ్ వరల్డ్ సగం వాటాదారు. 2007లో 100 డాలర్ల దాకా వెళ్ళిన ఎమ్‌జీఎమ్ షేరు 2009 మార్చిలో 2 డాలర్ల కిందకి పడింది. భాగస్వామి కోర్టుకెళ్ళాడు. కట్టేటప్పుడు ఆరుగురు కార్మికులు చనిపోయారు. హార్మన్ అనే టవర్లో ఇనుప కడ్డీలు సరిగా వెయ్యలేదని తేలి, ఒక్క అతిథి కూడా దిగకుండానే విప్పేశారు. ఎప్పుడు లేవాలో తెలిసినవాడు అని నేనే పొగిడాను కాబట్టి, ఈసారి లేవడం ఆలస్యమైందని కూడా నేనే రాయాలి.

20. ఎర్రబస్సు

మాస్టారు నా పని నాకు లేకుండా చేస్తున్నారు. అయితే నేను ఇంకో వైపు మాట్లాడతాను, ఆశ్చర్యపోకండి. 1988 డిసెంబరు 7న ఆర్మేనియాలో భూకంపం వచ్చి దాదాపు 25,000 మంది పోయారు. కెర్కోరియన్ అక్కడ పుట్టలేదు. అయినా ఇద్దరు కూతుళ్ళు లిండా, ట్రేసీ పేర్లు కలిపి ‘లిన్సీ’ అని ఒక ఫౌండేషన్ పెట్టి, సహాయ సామగ్రి విమానాల ఖర్చు తను పెట్టుకున్నాడు. తర్వాత రోడ్లు, ఇళ్ళు, యెరెవాన్‌లో వీధులు. ఫౌండేషన్ మొత్తం ఇచ్చింది 100 కోట్ల డాలర్లు దాటింది. భవనాల మీద పేరు పెడతామంటే వద్దన్నాడు. క్యాసినో డబ్బు ఎక్కడిదో నాకు తెలుసు, నా అభిప్రాయం మారలేదు. కానీ ఇచ్చి పేరు వేసుకోనివాణ్ణి చూడటం అరుదు.

21. గాలివాటం

బస్సు రూటు మార్చింది! మొదట్లో నేనడిగిన ‘గోడ మీద పేరు’ సంగతికి ఇదీ జవాబు. తన కారు తనే నడుపుకునేవాడట, ఇంటర్వ్యూలు ఇవ్వడం చాలా అరుదు.

22. నైట్‌షిఫ్ట్

చిన్న సవరణ. ఇప్పుడు ఒకచోట ఉంది. లాస్ వేగాస్‌లోని నెవాడా విశ్వవిద్యాలయం వైద్య కళాశాలకి 2021లో ఆయన పేరు పెట్టారు. చనిపోయిన ఆరేళ్ళకి. అడగడానికి మనిషి లేడు కదా.

23. పక్కింటబ్బాయి

ఇంకో డౌటు సార్, లాస్ట్. మొదట్లో చెప్పిన ఆ 80 ఎకరాల్లో సీజర్స్ కట్టిన సార్నో ఏమయ్యాడు? ఆయన కూడా కోటీశ్వరుడే అయ్యుండాలి కదా.

24. లెక్కలమాస్టారు

లేదు అబ్బాయ్. జే సార్నోకి ఊహ ఎక్కువ, ఆట పిచ్చి అంతకన్నా ఎక్కువ. సీజర్స్ తర్వాత సర్కస్ సర్కస్ అనే క్యాసినో కట్టాడు. అదీ చేతిలో నిలవలేదు. 6,000 గదులతో గ్రాండిసిమో అని ఒకటి కడతానని చివరిదాకా తిరిగాడు, డబ్బు పుట్టలేదు. పాచికల టేబుల్ దగ్గర లక్షలు పోగొట్టుకున్నాడు. 1984లో గుండెపోటుతో పోయాడు, తను కట్టించిన సీజర్స్ ప్యాలెస్‌లోనే, ఒక గదిలో అతిథిగా.

25. పక్కింటబ్బాయి

అయ్యో. సార్, ఈయన మీద వేరే చర్చ పెట్టండి ప్లీజ్.

26. లెక్కలమాస్టారు

ఆదివారం పెడతాను. రొస్సియా హోటల్ లెక్క మళ్ళీ ఎవరూ తప్పు రాయకుండా చూసుకోండి ఈలోగా.